నెలా, నేలా?

అమ్మమ్మకు మనుషుల మొహాలు గుర్తుండవు, కాళ్ళు గుర్తుంటాయి. వీధిలో ఎవరైనా ఆగి పలకరిస్తే ముందు వాళ్ళ చెప్పులు చూస్తుంది, మడమలు చూస్తుంది, అప్పుడు గానీ "ఓహో, నువ్వా తల్లీ!" అనదు. కూతురికి సంబంధం చూసి వచ్చిన రోజు కూడా, కుర్రాడెలా ఉన్నాడే అని చుట్టాలడిగితే, "అడుగు పూర్తిగా ఆనించి నడుస్తాడు, నిదానస్తుడు" అందట. మొహం సంగతి పెళ్ళయ్యాక చూసుకోవచ్చులే అన్నట్టు. ఆ నిదానస్తుడికి నిదానం ఏ కోశానా లేని కూతురు పుట్టింది. ఆ పిల్ల చదువు పదో తరగతి గుమ్మం దగ్గరే చతికిలబడింది. అమ్మమ్మ దాన్ని కోతి అంటుంది. వేరే పేరుతో పిలిస్తే అది పలకదు కూడా.

ఈ కాళ్ళ పిచ్చికంతటికీ కారణం మేడ.

ఊరు దాటగానే ఇనప గేట్ల వెనక, బారులు తీరిన చెట్ల చివర ఉంటుంది అది. పుస్తకాల్లో దానికి నోరు తిరగని పేర్లున్నాయి గానీ, అందులో పనిచేసినవాళ్ళు మేడ అనే అంటారు. ఎన్ని గదులున్నాయో కట్టించినవాళ్ళకే తెలియదని చెప్పుకునేవారు. అమ్మమ్మ రెండు జడల వయసులో, వెనక తలుపు గుండా అందులోకి వెళ్ళింది. నేలపని చేయించే మేస్త్రమ్మ ఆమెని పెద్ద హాలు దగ్గరికి తీసుకెళ్ళి తలుపు తీసింది. అమ్మమ్మ గుమ్మం పట్టుకుని ఆగిపోయింది. లోపల నేల లేదు. నల్లగా, లోతుగా, అంతు లేకుండా ఏదో ఉంది.

"ఏంటే, అక్కడే పాతుకుపోయావు?"

"పడిపోతానేమో."

"పడవులే, అది రాయే," అంది మేస్త్రమ్మ. వీపు మీద చెయ్యేసి లోపలికి తోసింది.

అతుకు ఎక్కడుందో కనిపించకుండా పరిచిన నల్లరాయి. అది మొదలు, మోకాళ్ళు మొరాయించేవరకూ అమ్మమ్మ బతుకంతా ఆ రాయి మీదే గడిచింది.

మేడలో పని రెండు రకాలు. పైపనివాళ్ళు మగవాళ్ళు. నిచ్చెనలెక్కి దీపాల గుత్తులూ, కిటికీల పై రెక్కలూ, బొమ్మలు వేసిన కప్పూ దులుపుతారు. నేలపనివాళ్ళు ఆడవాళ్ళు. పైవాళ్ళు దులిపిందల్లా వీళ్ళ నెత్తిన పడుతుంది. ఇంతకు మించిన పాత వైరం ఆ మేడ చరిత్ర మొత్తంలో లేదు.

నేలపని ఇలా సాగుతుంది. ముందు మెత్తటి చీపురు, తర్వాత గట్టిగా పిండిన తడిగుడ్డ. అది ఆరాక కరిగించిన మైనం పల్చగా పూసి, ఉన్నిగుడ్డతో గుండ్రంగా రుద్దుకుంటూ మోకాళ్ళ మీద వెనక్కి జరగాలి. ముందుకి పాకితే మెరిసే రాయి మీద మోకాళ్ళ అచ్చులే మిగులుతాయి. అందుకని ఆ ఆడవాళ్ళు జీవితాంతం వెనక్కే ప్రయాణం చేశారు. ఇంట్లో కూడా అమ్మమ్మ గది తుడుస్తూ వెనక్కొచ్చి, మనవరాలి మీద కూర్చున్న సందర్భాలున్నాయి.

మేస్త్రమ్మ నేర్పిన మొదటి పాఠం ఒకటే. "పైకి చూడకు. చూస్తే కంట్లో దుమ్ము పడుద్ది. కన్ను నలుపుకుంటే చెయ్యి ఆగుద్ది. చెయ్యి ఆగినచోట మైనం బిగిసి మరక కడుద్ది."

అమ్మమ్మ ఆ మాట తు చ తప్పకుండా పాటించింది. పాటించడానికి ఇంకో కారణం కూడా త్వరలోనే దొరికింది. ఒక పొద్దున ఎక్కడో ఆకాశంలోంచి మగ గొంతు వినిపించింది.

"ఓ అమ్మాయీ! ఎప్పుడూ కిందకేనా? ఒక్కసారి పైకి చూడు, ఎంత చందమామో!"

రెండు జడల పిల్లతో ఒక కుర్రాడు పైనుంచి చందమామని చూడమంటే దానికి అర్థం ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు నేల మామూలు కంటే రెండింతలు మెరిసింది. పైకి మాత్రం చూడలేదు. మర్నాడు అతను మళ్ళీ పిలిచాడు. ఆ మర్నాడూ పిలిచాడు. అప్పటికి అది పంతం అయిపోయింది. మేడ కూలినా సరే, కప్పు వంక చూడకూడదు.

అదే రోజుల్లో ఆమెకి మచ్చ కనబడింది.

రెండో కిటికీకి ఎదురుగా, పొద్దున్నే చెక్కరెక్కలు తీసిన కాసేపు, నల్లరాయి మీద గుండ్రటి తెల్లమచ్చ. కిటికీ వెలుగు నేల మీద ఎలా పడుతుందో ఆమెకి తెలుసు. ఇది వెలుగులా లేదు, పాలు ఒలికి ఎండినట్టుంది. రుద్దింది. పోలేదు. మైనం పెట్టి రుద్దింది. ఇంకా తేటగా పైకి తేలింది. ఎంత రుద్దితే అంత తెలుపు! మేస్త్రమ్మని పిలుచుకొస్తే, ఆవిడ నిలబడి చూసి, ఏదీ, ఎక్కడా అంది. అవతలికి వెళ్ళగానే, మోకాళ్ళ మీద వంగిన అమ్మమ్మ ముందు మళ్ళీ ప్రత్యక్షం. పైగా అమ్మమ్మ వెనక్కి జరిగితే అది కూడా వెంట జరుగుతోంది.

"మచ్చకి కాళ్ళొచ్చాయా?" అని మేస్త్రమ్మ అందరిముందూ నవ్వింది. దాంతో అది వెంట జరిగే సంగతి అమ్మమ్మ మింగేసింది. మచ్చ సంగతి మాత్రం వదల్లేదు. ఆలోచించి ఆలోచించి, ఇది పైవాళ్ళు కార్చిన సున్నం అని తేల్చుకుంది. వెళ్ళి నిచ్చెన కింద నిలబడి, తల దించుకునే, దుమ్మెత్తిపోసింది.

"పైనున్న పెద్దమనిషీ! సున్నం కార్చడానికి ఇదేమన్నా మీ పెరడా?"

"సున్నమా? నా దగ్గర ఉన్నది కుచ్చు చీపురొక్కటే!"

"అబద్ధాలాడేవాళ్ళ కాలి బొటనవేలు ముడుచుకుంటుంది. నాకు కనబడుతూనే ఉంది."

నిచ్చెన మెట్టు మీద బొటనవేలు నిజంగానే ముడుచుకుంది. భయంతో కాదు, నవ్వాపుకోలేక. అలా నెలల తరబడి తిట్లు కింద నుంచి పైకీ, నవ్వులు పై నుంచి కిందికీ ప్రయాణం చేశాయి. చివరికి ఆ కాళ్ళు ఒకనాడు నిచ్చెన దిగి వచ్చి ఆమె ముందు నిలబడి, "మీ వాళ్ళతో మాట్లాడమంటావా?" అని అడిగాయి. పగిలిన మడమలు, చిటికెనవేలికి పాత గాటు. చూసి చూసి అలవాటైన కాళ్ళు. అమ్మమ్మ సరేనంది. ఆ కాళ్ళ మీద ఉన్న మనిషే తాతయ్య.

పెళ్ళయింది, కూతురు పుట్టింది, కూతురికి కోతి పుట్టింది. వాదన మాత్రం మొదలైన చోటే ఉంది. మేడ అంటే కప్పు అని ఆయన, మేడ అంటే నేల అని ఈవిడ. "కప్పు లేకపోయినా నిలబడొచ్చు, నేల లేకపోతే ఎక్కడ నిలబడతావయ్యా నిచ్చెనా?" అనేది అమ్మమ్మ. ఆమె తాతయ్యని పిలిచే పేరు అదే. తాతయ్య ఆ కప్పు గురించి మొదలుపెడితే అన్నం చల్లారిపోయేది. ఆ నీలం, ఆ మబ్బులు, పట్టుబట్టల్లో ఎగురుతున్న మనుషులు, మధ్యలో వెండిరేకు అద్దిన చందమామ! అమ్మమ్మ చెవులు మూసుకునేది. మేడని జనం చూడ్డానికి తెరిచారు, రుద్దడానికి యంత్రాలొచ్చాయి, ఇద్దరూ పని మానేశారు. చూడ్డానికి మాత్రం ఇద్దరూ వెళ్ళలేదు. పని లేకుండా అక్కడికెందుకని ఆమె, టిక్కెట్టు కొని నా కప్పు నేను చూడ్డమేంటని ఆయన.

అలాంటప్పుడు ఎవరో కుర్రాడు మేడ మీద డాక్యుమెంటరీ తీసి ఫోన్లలో పెట్టాడు. కోతి దాన్ని టీవీకి తగిలించింది. తాతయ్య గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాడు. అమ్మమ్మ అలవాటు ప్రకారం కింద కూర్చుంది.

సినిమా మొదలైంది. కెమెరా పక్షిలా లేచి చెట్ల మీదుగా వెళ్ళింది. కింద మేడ విచ్చుకుంది. ఎర్రటి కప్పులు, వాటి వెనక కప్పులు, బురుజులు, వాటి నీడలు పడిన చతురస్రపు ముంగిళ్ళు. అన్నేళ్ళు అందులో పాకిన మనిషి దాన్ని బయటనుంచి పూర్తిగా చూడటం అదే మొదలు.

"మన మేడేనా?" అంది, గుసగుసగా. "ఇంతుందా? నేను దీని పొట్టలో తిరిగానా?"

"తిరిగావు, చీమలాగ," అన్నాడు తాతయ్య.

పాత ఫోటోల్లో గొప్పవాళ్ళు వరసగా వచ్చారు. మొహాలు చూసి అమ్మమ్మ ఎవరినీ గుర్తుపట్టలేదు. ఒకాయన బూట్లు కనబడగానే, "ఈయన! ఎడమకాలు ఈడ్చేవాడు, తలుపునుంచి పియానో దాకా గీత పడేది," అని ఎగిరిపడింది. మెట్లు వచ్చినప్పుడు రాయి ఎక్కడ గుంటపడిందో కెమెరా కంటే ముందే చెప్పింది. చివరికి పెద్ద హాలు తలుపులు తెరుచుకున్నాయి. కెమెరా మెల్లగా పైకి లేవడం మొదలెట్టింది. తాతయ్య ఊపిరి బిగపట్టాడు. అమ్మమ్మ టక్కున వంగి, ఎప్పుడూ పోని సూది ఒకటి నేల మీద వెతకడం మొదలెట్టింది. ఆడగొంతు పాట ఏదో వినిపించింది, ఆగింది. మేడ బయటి చెట్ల శబ్దం వచ్చేదాకా ఆమె తల ఎత్తలేదు.

"చూశావా?"

"చూళ్ళేదు."

"ఇంకా ఎన్నాళ్ళే ఈ పంతం!"

"నువ్వు పోనీ నేల చూశావా?"

కోతి మధ్యలో దూరింది. "కింద జనం కామెంట్లు రాశారు తాతయ్యా, చూసినవాళ్ళ అభిప్రాయాలు. వందలున్నాయి. చదవనా?"

పందెం అక్కడ పుట్టింది. ఎవరైనా, ఒక్కరంటే ఒక్కరు, నేల గురించి రాసి ఉంటే తాతయ్య మళ్ళీ జన్మలో కప్పు ఊసెత్తకూడదు. ఒక్కరూ రాయకపోతే అమ్మమ్మ తలెత్తి కప్పు చూడాలి. కోతి గొంతు సవరించుకుంది.

"'మా ఇల్లు మొత్తం ఎత్తుకెళ్ళి ఆ మెట్ల కింద పెట్టొచ్చు.'"

"మెట్లు," అన్నాడు తాతయ్య. "నేల కాదు. తర్వాత?"

"'వెనక సంగీతం తగ్గిస్తే మాటలు వినపడేవి.'"

"నిజమే. తర్వాత?"

"'ఆ కప్పు చూసి తెరిచిన నోరు ఇంకా మూయలేదు.'"

తాతయ్య మీసం దువ్వాడు, ఆ కప్పు తనే వేసినట్టు.

"'ఇంతింటిని తుడిచేదెవర్రా నాయనా!'"

"అదిగో!" అమ్మమ్మ మోకాళ్ళ నొప్పి మరిచి లేవబోయింది. "తుడవడం అన్నాడు! తుడిచేది నేలనే కదా!"

"కిటికీలు తుడవరా? అద్దాలు తుడవరా? నేల అన్న మాట ఉండాలి. నాకు తొండి ఆటలొద్దు."

కోతి చదువుతూ పోయింది. ఒకరు కప్పు చూసి ఏడ్చారట. ఒకరు ఆ నీలం చీర ఎక్కడ దొరుకుతుందని అడిగారు. ఇంకొకతను, 'మా నాన్నకి చూపు లేదు. కప్పు ఎలా ఉందో చెప్పమన్నాడు. సినిమా ఆపి ఆపి చెప్పాను, పొద్దంతా పట్టింది, ఇంకా చెప్పు అంటున్నాడు' అని రాశాడు. అది విన్నాక తాతయ్య కూడా కాసేపు ఎగతాళి మానేశాడు. కప్పు, కప్పు, మళ్ళీ కప్పు. అమ్మమ్మ జవాబులివ్వడం తగ్గిపోయింది. ఒళ్ళో చేతులు పెట్టుకుని, అరిగి నున్నబడిన వేళ్ళ కొసలు చూసుకుంటూ కూర్చుంది. తాతయ్య నోరు మూయించాలన్న సరదా ఎప్పుడో పోయింది. అన్నివందల మంది ఆ హాల్లోకి వచ్చారు, అందరూ తన పని మీదుగానే నడిచిపోయారు, ఒక్కరైనా కిందికి చూశారా లేదా? ఆమెకి కావలసింది ఇప్పుడు అదొక్కటే.

కోతి ఒకచోట ఆగింది.

"ఏమైందే?"

"'ఆ నెల దగ్గర నాకు ఊపిరి ఆగిపోయింది.'"

"నేలా!" అంది అమ్మమ్మ.

"నెల," అన్నాడు తాతయ్య. "దీర్ఘం లేదు. ఉందా?"

కోతి కళ్ళు చికిలించింది. బడిలో దీర్ఘాలు ఎగ్గొట్టడంలో దానికి పెద్ద పేరు. 'పాలు' అని రాయమంటే 'పలు' అని రాసి గోడకుర్చీ వేసిన పిల్ల. కాస్త సాగదీసి చదివితే అమ్మమ్మ గెలిచేది. నాలుక దాకా వచ్చింది కూడా. కానీ ఫోన్ తాతయ్య కళ్ళద్దాల ముందే ఉంది.

"లేదు తాతయ్యా. ఒట్టి నె."

"నెల అంటే చందమామ! నెలవంక అనమూ? నెలరాజు అనమూ? ఆ మనిషికి భాష తెలుసు. కప్పు మధ్యలో చందమామ చూసి ఊపిరాగింది. అయిపోయింది, ఇక తలెత్తవే."

"మామూలు మనిషి ఎవరయ్యా చందమామని నెల అనేది! దీర్ఘం మర్చిపోయారు, అంతే. నీ మనవరాలు మర్చిపోదూ?"

"దాన్నెందుకు లాగుతావు?"

"లాగితేనే కదా దీర్ఘం వచ్చేది," అంది కోతి. ఇద్దరూ కలిసి దాన్ని కసిరారు.

పక్క వాటాలో ఉండే దర్జీని పిలిచారు. ఆయన మెడలో టేపుతోనే వచ్చి, ఫోన్ని చేతికందినంత దూరం పెట్టి చదివి, చాలాసేపు ఆలోచించి, "నెల అంటే నెలే కదండీ. ముప్పై రోజులు. సినిమా నెలరోజులుందేమో, అందుకే ఊపిరాడలేదు," అని తీర్పు చెప్పి, బట్ట మిషన్‌లో ఉందని వెళ్ళిపోయాడు.

"రాసిన మనిషినే అడుగుదాం," అంది కోతి. ఆ కామెంటు కిందే టైపు చేసింది: 'అండీ, మీరన్నది నెలా, నేలా? ఇక్కడ మా ఇంట్లో యుద్ధం జరుగుతోంది.'

మర్నాడు జవాబు వచ్చేలోపు అమ్మమ్మ ఆ రెండు గదుల ఇల్లు తుడిచి, ఆరనిచ్చి, మళ్ళీ తుడిచింది. తాతయ్య కాలు కింద పెట్టడానికి భయపడి మంచం మీదే పేపరు చదువుకున్నాడు. ఫోన్ టింగుమన్నప్పుడల్లా ఆమె చెయ్యి ఆగేది. రెండుసార్లు కరెంటు వాళ్ళు, ఒకసారి దర్జీ భార్య. మధ్యాహ్నం దాటాక కోతి వంటగది గుమ్మంలో వచ్చి నిలబడింది. నవ్వడం లేదు, అల్లరి చెయ్యడం లేదు.

"చదువుతాను, విను."

'నేల అండీ, నేల. ఫోన్లో దీర్ఘం పడలేదు. సినిమాలో పాట ఆగిపోయాక కెమెరా కిందికి దిగుతుంది చూడండి, అక్కడ. నేను నీళ్ళు అనుకుని కుర్చీలో కాళ్ళు పైకి లాగేసుకున్నాను. మా ఆయన ఇంకా నవ్వుతున్నాడు. అసలు రాయిని అలా చేసినవాళ్ళెవరో!'

అమ్మమ్మ తడిగుడ్డ పక్కన పెట్టింది.

"మళ్ళీ చదువు."

కోతి చదివింది.

"కాళ్ళు పైకి లాగేసుకుందట!" అంది అమ్మమ్మ. మాటలతో మెచ్చుకున్నవాళ్ళు మేడకి చాలామంది ఉండి ఉంటారు. ఇది కాళ్ళు ఇచ్చిన మెప్పు. కాళ్ళు అబద్ధం చెప్పవని ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు! కళ్ళు తుడుచుకుంది. అదీ తడి చేత్తోనే. "వినబడిందా నిచ్చెనా?"

"వినబడింది," అన్నాడు తాతయ్య మంచం మీంచి. వింతేమిటంటే, వాదించలేదు. "పాట ఆగాకట. అది నేనూ సరిగ్గా చూళ్ళేదు. కప్పు అయిపోయిందని అటు తిరిగి నీ వంక చూస్తున్నా. కోతీ, ఆ చోటు పెట్టు."

పెట్టింది. పాట ఆగింది. కెమెరా దిగుతూ, దిగుతూ, మోకాళ్ళ మీద కూర్చున్న ఆడమనిషి కళ్ళంత ఎత్తుకి వచ్చి ఆగింది. కిటికీ రెక్క తెరుచుకుంది. నల్లటి నేల ఒక్కసారిగా లోతెక్కింది. ఆ లోతులో, రెండో కిటికీకి ఎదురుగా, పాలు ఒలికి ఎండినట్టు, గుండ్రంగా, తెల్లగా తేలింది.

"మచ్చ!" అంది అమ్మమ్మ. "అదే! కోతీ, అదే మచ్చ!"

తాతయ్య మంచం దిగి వచ్చాడు. కళ్ళద్దాలు సర్దుకుని టీవీకి ముక్కు ఆనించాడు.

"మచ్చేంటే. చందమామ అది. నేను దులిపిన చందమామ."

కోతి బొమ్మని ఆపింది. కప్పు మీది చందమామే, మెరిసే రాయిలో అద్దంలోలా కనబడుతోంది. అందుకే కాబోలు ఎంత రుద్దితే అంత తేలింది. అందుకే మేస్త్రమ్మ నిలబడితే కనబడలేదు. వెనక్కి జరిగితే వెంట వచ్చింది. రాత్రిపూట వీధిలో నడిచే ఏ చిన్నపిల్లనడిగినా చెబుతుంది, చందమామ వెంటే వస్తుందని. ఆ సంగతి ఒక్క అమ్మమ్మకే తట్టలేదు.

"నేను అన్నేళ్ళూ చందమామని తోమానా?" అంది. నవ్వో ఏడుపో తెలియని గొంతు. "చూడకూడదు అని ఒట్టు పెట్టుకున్నానే! రోజూ పొద్దున్నే చూశానే! అంత పైనున్నది దిగి వచ్చి నా చేతి కింద కూర్చుంటే, సున్నం అనుకుని తిట్టానే!"

"నన్ను తిట్టావు," అని సవరించాడు తాతయ్య.

"నిన్నెప్పుడూ తిడతాను, అది లెక్కలోకి రాదు."

ఆమె ఆ బొమ్మ వంక చూస్తూనే ఉంది. తర్వాత, పందెం గెలిచిన మనిషి, ఎవరూ అడక్కుండానే అంది: "కోతీ, కొంచెం వెనక్కి తిప్పు. కప్పు చూపించు."

మెడ ఎత్తడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది. ఎముకలకి అలవాటు లేదు. తాతయ్య వెనకనుంచి తల కింద చెయ్యి ఆనించాడు. కెమెరా గోడల వెంట పైకి వెళ్ళింది, ఇంకా పైకి, గోడ అయిపోయినా పైకి. నీలం మొదలైంది. ముందు పొద్దుటి నీలం, తర్వాత ఎండ నీలం, లోపలికి పోయేకొద్దీ చీకటి నీలం. ఆ నీలాల మీద మబ్బులు బరువుగా ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. వాటి అంచుల మీద కూర్చుని కాళ్ళు వేలాడేసుకున్న ఆడవాళ్ళు. అమ్మమ్మ చూపు ముందు ఆ కాళ్ళకే పోయింది. అరికాళ్ళతో సహా వేశాడు మహానుభావుడు, ఎంత నడిచారో తెలిసేలా, మడమల దగ్గర కాస్త ఎరుపు. వాళ్ళ చీరకొంగులు గాలికి లేచి మరో మబ్బుని తాకుతున్నాయి. కప్పు అన్న మాటే మరిచిపోవాలి, అక్కడ ఆగేది ఏమీ లేదు. అన్నిటి మధ్యలో, అన్నిటినీ తన చుట్టూ తిప్పుకుంటూ, చందమామ.

"ఇంతుందా," అంది. అది ప్రశ్న కాదు.

తాతయ్య నోటి వెంట మాట లేదు. ఏళ్ళ తరబడి ఈ క్షణం కోసం ఆయన దాచుకున్న మాటలు ఎన్ని! "చెప్పానా?" అన్న ఒక్క మాటైనా వస్తుందని కోతి ఎదురుచూసింది. రాలేదు. ఆయన నోరు తెరుచుకుని ఉంది.

"మాట్లాడవేమయ్యా? నీ కప్పే కదా."

"నిన్నటిదాకా నేనూ చూళ్ళేదే," అన్నాడు తాతయ్య.

"ఏంటీ?"

"ఇలా, మొత్తం. నిచ్చెన మీదున్నప్పుడు నాకు కనబడేది జానెడు నీలం, ఒక మోకాలు, ఒక మబ్బు ముక్క. చందమామ దగ్గర నా మొహానికి అడ్డంగా తెల్లటి గోడ. వెండిరేకు మసకబారుతుందని ఊపిరి కూడా పక్కకి వదిలేవాణ్ణి. ఆ ముక్కలన్నీ కలిపి నేనే మనసులో ఒక కప్పు అల్లుకున్నా. నీకు చెప్పిందంతా అదే."

"మరి కిందికి దిగినప్పుడు?"

"కింద నిచ్చెన కాలు జారకుండా చూసుకోవాలి కదా." ఆయన మీసం సవరించుకున్నాడు. "దాని తర్వాత నిన్ను చూసేవాణ్ణి."

అమ్మమ్మ మెడ ఇంకా ఆయన చేతిలోనే ఉంది. తిప్పలేక తిప్పలేక తిప్పి, కప్పుని వదిలి ఆయన మొహం వంక చూసింది. మనవరాలికి తెలిసి, ఆమె ఆ మొహాన్ని అంతసేపు చూడటం అదే మొదటిసారి.

"మీసం ఒకపక్క ఎక్కువ కత్తిరించుకున్నావు," అంది.

పందెం పందెమే. ఆనాటి నుంచి తాతయ్య కప్పు ఊసెత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ రాలేదు. పాలవాడికీ, దర్జీకీ, దర్జీ భార్యకీ, కరెంటు బిల్లు ఇవ్వడానికొచ్చిన కుర్రాడికీ అమ్మమ్మే చెబుతోంది. ఆ నీలం ఎన్ని రకాలో, ఆ మడమల ఎరుపు ఎక్కడెక్కడుందో. పొరపాట్లు దొర్లినప్పుడు తాతయ్య పళ్ళు కొరుక్కుని పేపరు వెనక దాక్కుంటాడు. కోతి ఆ సినిమాని రోజూ పెట్టాలి. చందమామ దగ్గర ఆపాలి. కప్పులో ఒకసారి, నేలలో ఒకసారి.

ఒక సాయంత్రం కోతికి గుర్తొచ్చింది. "అమ్మమ్మా, అందరూ రాశారు, నువ్వు రాయలేదే. నీ అభిప్రాయం చెప్పు, నేను టైపు చేస్తాను. దీర్ఘాలు పెడతాలే."

అమ్మమ్మ చాలాసేపు ఆలోచించింది. ఒళ్ళో ఉన్న చేతులు, తెలియకుండానే, చీరని గుండ్రంగా రుద్దుతున్నాయి.

"చూశాం అని రాయి," అంది.

"అంతేనా? బాగుందనో, గొప్పగా ఉందనో..."

"అది అందరూ రాశారు కదే. మేం చూశాం అని రాయి."

కోతి రాసింది. తాతయ్య పేపరు దించి, ఆ 'మేం'లో తను కూడా ఉన్నాడో లేదో చూసుకుని, మళ్ళీ పేపరెత్తాడు.